ముఖానికి రెండో దీపం: చోడవరం వంటి ఊళ్ళ ఫోటో స్టూడియోల్లో వెలుగు చరిత్ర

మనిషి ముఖాన్ని ఒక్క దీపం వెలుగులో ఫోటో తీయాలా, రెండు మూడు దీపాలు పెట్టి తీయాలా అన్న ప్రశ్నను ఫోటోగ్రఫీ పాఠ్యగ్రంథాలు సాధారణంగా ఫోటోగ్రాఫరు అభిరుచికి వదిలేస్తాయి. విశాఖపట్నం జిల్లాలో చిరకాలం తాలూకా కేంద్రంగా ఉండి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోకి మారిన చోడవరం లాంటి ఊరి వైపు నుంచి చూస్తే ఈ చరిత్ర వేరుగా కనిపిస్తుంది. ఇలాంటి ఊళ్ళలో దీపాల సంఖ్యను ముందు కరెంటు నిర్ణయించింది, ఆ తరువాత ఫోటో దిగే మనిషికి తన ముఖం మీది నీడ పట్ల ఉన్న అభిప్రాయం నిర్ణయించింది. ఫోటోగ్రాఫరు అభిరుచికి చోటు దొరికింది చివరనే. అందుకే దీపాలు వచ్చిన వరస కూడా ఇక్కడ పుస్తకాల్లోని వరసకు తలకిందులుగా ఉంటుంది. పుస్తకం ముందు నీడను మలిచి, తరువాత దాన్ని అవసరమైనంత మేరకు పలచన చేయమంటుంది. చిన్న ఊరి స్టూడియో ముందు నీడను తుడిచేసి, ఎన్నో ఏళ్ళు గడిచాక గాని దాన్ని వెనక్కి పిలవలేదు.

అనకాపల్లికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, చెరకు తోటల మధ్య ఉన్న చోడవరానికి రైలు లేదు. మద్రాసు–హౌరా రైలుమార్గం మీద ఉన్న అనకాపల్లి, బెల్లం బజారుకు పేరుపొందిన పట్టణం కావడంతో, ఈ ప్రాంతపు సరుకుల రాకపోకలకు అదే ద్వారం. చోడవరానికి జనం వచ్చే కారణాలు వేరు: తాలూకా కచేరీ, రిజిస్ట్రారు ఆఫీసు, స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి, దగ్గరలోని గోవాడలో సహకార చక్కెర కర్మాగారం. చెరకు ఆడే కాలం చలికాలం నుంచి వేసవి మొదటి వరకూ సాగుతుంది, మాఘ ఫాల్గుణాల పెళ్ళి ముహూర్తాలు ఆ రోజుల్లోనే పడతాయి; కాబట్టి రైతు చేతిలో డబ్బు ఆడే రోజులూ, ఇంటిల్లిపాదీ ఫోటో దిగే రోజులూ ఇంచుమించు ఒకటే. ఆఫీసు కాగితాలకు కావలసిన ఫోటో, పెళ్ళి సంబంధానికి పంపే ఫోటో అనే రెండు గిరాకీల మీదనే తాలూకా కేంద్రాల్లోని స్టూడియోలు నిలబడ్డాయి. వాటి దీపాల అమరికను అర్థం చేసుకోవడానికి ఈ రెండు గిరాకీలే ఆధారం.

ముందుగా మాటలు. ముఖానికి ఒక పక్కగా, కంటి ఎత్తు కన్నా పైన ఉండి, ముక్కు, చెంప, గడ్డం రూపాన్ని తీర్చే దీపాన్ని స్టూడియోవారు మెయిన్ లైటు అంటారు. దానివల్ల రెండో పక్కన పడే నీడను పలచబరచడానికి కెమెరా దగ్గరగా పెట్టేది ఫిల్ లైటు. తలవెనుక నుంచి జుట్టు మీద, భుజాల మీద సన్నని వెలుగు అంచు వేసి, మనిషిని వెనుక తెర నుంచి విడదీసేది బ్యాక్ లైటు. జుట్టుకే పరిమితమైతే దాన్నే హెయిర్ లైటు అనడం వాడుక. వెలుగు దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది, అంటే దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతవుతుంది. కాబట్టి ఒకే శక్తి గల రెండు బల్బులలో మెయిన్‌ను ముఖానికి 1 మీటరు దూరంలోనూ, ఫిల్‌ను సుమారు 1.4 మీటర్ల దూరంలోనూ ఉంచితే, ఫిల్ వెలుగు మెయిన్ వెలుగులో సగం అవుతుంది. వెలుగు పక్కన రెండు దీపాలూ కలిసి ఒకటిన్నర పాళ్ళు, నీడ పక్కన ఫిల్ ఒక్కటే అర పాలు పడతాయి గనుక రెండు పక్కల నిష్పత్తి 3:1గా తేలుతుంది. ముఖచిత్రానికి మధ్యస్థంగా ఉంటుందని పుస్తకాలు చెప్పే నిష్పత్తి ఇదే. రెండు బల్బులనూ చెరో పక్కన సమాన దూరంలో నిలిపితే నిష్పత్తి 1:1 అవుతుంది, ముఖంలో ఎత్తుపల్లాలు చదునైపోతాయి. దీనిని ఫ్లాట్ లైటింగ్ అంటారు.

కరెంటు లేని కాలంలోనూ ముఖం మీద ఒకటికి మించిన వెలుగులు పడేవి. 1839లో పారిస్‌లో ఫోటోగ్రఫీ ప్రకటితమైన తరువాత నాలుగైదు దశాబ్దాల పాటు స్టూడియోలో వెలుగంటే ఆకాశమే. ఎండ నేరుగా పడని ఉత్తరపు వైపు పైకప్పుకు గాజు పలకలు బిగించి, వాటి కింద తెల్లని, నల్లని తెరలు కట్టి, వాటిని లాగుతూ వదులుతూ వెలుగును దిద్దేవారు. నీడ పక్కన తెల్ల గుడ్డ కట్టిన చట్రం నిలిపితే అది వెలుగును తిప్పికొట్టి ఫిల్ పని చేసేది. దక్కనులో ఈ పద్ధతిని రాజసం స్థాయికి తీసుకువెళ్ళినవాడు లాలా దీన్‌దయాళ్. 1844లో పుట్టి 1905లో మరణించిన ఆయన, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరుగా ఉంటూ 1880లలో సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పాడు. 1892లో హైదరాబాదులో పరదా పాటించే స్త్రీల కోసం, మగవారు అడుగుపెట్టని జెనానా స్టూడియోను ప్రత్యేకంగా తెరిచి, దాని బాధ్యతను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు.

అదే కాలంలో యూరప్‌లో ఆకాశాన్ని వదిలి యంత్రదీపాన్ని పట్టుకునే ప్రయత్నాలు సాగాయి. పారిస్‌లో నాదార్ అనే ఫోటోగ్రాఫరు 1860 ప్రాంతంలో బ్యాటరీలతో వెలిగే ఆర్క్ దీపం ముందు, అంటే రెండు బొగ్గు కడ్డీల మధ్య మెరిసే విద్యుత్ జ్వాల ముందు, మనుషులను కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. మొదటి ఫలితాలు అతనికే నచ్చలేదు. ఒకే దిక్కు నుంచి పడిన ఆ కరుకు వెలుగులో కళ్ళ కింద, ముక్కు పక్కన నల్లటి గుంటలు పడ్డాయి. తెల్ల గుడ్డలు, పెద్ద అద్దాలు నిలిపి ఆ వెలుగునే తిప్పి నీడల మీదికి కొట్టిన తరువాత ముఖాలు కుదుటపడ్డాయి. ఫిల్ వెలుగు పుట్టుక ఇలా ఒక దిద్దుబాటుగా జరిగిందన్న సంగతి గమనించదగ్గది, ఎందుకంటే శతాబ్దం తరువాత తెలుగు ఊళ్ళలోనూ రెండో దీపం దిద్దుబాటు కోసమే వచ్చింది. 1887లో జర్మనీలో తయారైన మెగ్నీషియం మెరుపు పొడి చీకటి గదుల్లోనూ ఫోటో సాధ్యం చేసింది గాని, అది భళ్ళున మండి పొగ నింపే ఒంటి వెలుగు. గుంపుల ఫోటోలకు పనికొచ్చినంతగా ముఖచిత్రానికి పనికిరాలేదు.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1856లోనే ఫోటోగ్రఫీ సంఘం ఏర్పడింది గాని, దాని ప్రభావం అధికారులు, చిత్రకళాశాల, నగరపు స్టూడియోలను దాటి ఉత్తర సర్కారుల తాలూకాల దాకా రావడానికి చాలా కాలం పట్టింది. వచ్చిన తరువాత కూడా గాజు పైకప్పు అనేది చిన్న ఊరికి మోయలేని ఖర్చు. పెంకుటింటి కప్పులో అక్కడక్కడా అద్దపు పెంకు పెట్టడం, పెరట్లో తెర కట్టి నీడపట్టున మనిషిని కూర్చోబెట్టడం, పక్కన ఉతికిన తెల్ల పంచె పట్టుకుని ఒకరు నిలబడడం అనే ఏర్పాట్లతో పని జరిగేది. తుఫానులూ ముసుర్లూ ఎక్కువైన ఈ తీరంలో ఆకాశాన్ని నమ్ముకున్న వ్యాపారం ఎన్ని రోజులు మూతపడేదో ఊహించవచ్చు.

ఆనాటి ప్లేట్ల స్వభావం మరొక చిక్కు తెచ్చింది. తొలినాటి గాజు ప్లేట్ల మీది రసాయన పూత నీలి కాంతికి బాగా, పసుపు ఎరుపు కాంతులకు చాలా తక్కువగా స్పందించేది. గోధుమ వన్నె చర్మం తిప్పికొట్టే వెలుగులో పసుపు, ఎరుపు పాళ్ళు ఎక్కువ కావడంతో, అచ్చులో ఆ ముఖం కంటికి కనిపించే దానికన్నా నల్లగా వచ్చేది. అన్ని రంగులకూ స్పందించే పాంక్రోమాటిక్ ప్లేట్లు 1906 నుంచే అమ్మకానికి వచ్చినా, అవి సాధారణ స్టూడియోలకు చేరడం చాలా నెమ్మదిగా జరిగింది. ఫోటోలో నల్లగా పడ్డామన్న ఫిర్యాదును ఇప్పటివారు అహంకారంగానో అజ్ఞానంగానో కొట్టిపారేస్తారు. అందులో కొంత భాగం నిజంగానే ప్లేటు చేసిన తప్పు.

చోడవరం ప్రాంతానికి సంబంధించినంత వరకూ అసలు మలుపు కరెంటుతో వచ్చింది. విశాఖపట్నం, విజయనగరం వంటి పట్టణాల్లో దీపాలు అంతకుముందే వెలిగినా, ఉత్తరాంధ్ర గ్రామసీమకు విద్యుత్తు విస్తరించడానికి గట్టి పునాది మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం. అప్పటి ఆంధ్ర, ఒరిస్సా రాష్ట్రాల ఉమ్మడి పథకంగా డుడుమ జలపాతం దగ్గర నిర్మించిన ఆ కేంద్రం 1955లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 1959లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడిన తరువాత తీగలు తాలూకా కేంద్రాల నుంచి పల్లెల వైపు సాగాయి. స్టూడియో అనే దుకాణం తలుపులు మూసుకుని, ఆకాశంతో సంబంధం తెంచుకుని, బజారు వీధిలో ఒక ఇరుకు గదిలో ఇమడగలిగింది ఆ తీగల వల్లనే.

ఆ గదిలోని దీపం ఫోటోఫ్లడ్ బల్బు. మామూలు బల్బులోని తీగనే ఎక్కువ వేడెక్కించి, ఆయుష్షు తగ్గించి, తెల్లని వెలుగు ఎక్కువ రాబట్టే ఏర్పాటు అది. చిన్న రకమైన 275 వాట్ల బల్బు రెండు మూడు గంటలు వెలిగితే మాడిపోయేది, పెద్దదైన 500 వాట్లది ఆరేడు గంటలు మన్నేది. కనుక ఫోకస్ సరిచూసుకునేంత సేపు తక్కువ వెలుగుతో నెట్టుకొచ్చి, ఫోటో తీసే ముందు మాత్రమే వాటిని వెలిగించే పొదుపు ఆ వృత్తిలో అలవాటైంది. అల్యూమినియం గిన్నెలాంటి డోము, ఇనుప స్టాండు, పొడవాటి తీగ, ఇంతే పరికరం. 500 వాట్ల బల్బులు రెండు గంటసేపు వెలిగితే ఒక యూనిట్ కరెంటు ఖర్చయ్యేది, అందులో వెలుగుగా మారేది పదో వంతు కూడా కాదు, మిగిలినదంతా వేడి. కిటికీలు మూసిన గదిలో, కోస్తా ఉక్కలో, ఆ వేడికి నుదురు, ముక్కు చెమర్చి మెరిసేవి, ఫ్యాను వేస్తే జుట్టు, పైట కదిలేవి. స్టూడియో అద్దం దగ్గర దువ్వెన పక్కన పౌడరు డబ్బా తప్పనిసరిగా ఉండడానికి సోకుతో పాటు ఇదీ కారణం.

వోల్టేజి హెచ్చుతగ్గుల సంగతి అంతకన్నా ముఖ్యమైనది. తీగ బల్బు స్వభావం ఎలాంటిదంటే వోల్టేజి 10 శాతం తగ్గితే దాని వెలుగు సుమారు 30 శాతం పడిపోతుంది. లైను చివరన ఉన్న ఊళ్ళలో సాయంత్రం వేళ, ఇళ్ళ దీపాలన్నీ వెలిగి చేలలో మోటార్లు కూడా ఆడుతున్నప్పుడు, వోల్టేజి అంతకన్నా ఎక్కువే పడేది. ఒక్క బల్బుతో అప్పుడు ఎక్స్‌పోజరు, అంటే ఫిల్ము మీద వెలుగు పడనిచ్చే సమయం, అర సెకను దాటి సాగేది. పిల్లలున్న ఫోటో కదిలిపోవడం ఖాయం. రెండో బల్బు ఉంటే ఆ సమయం సగమవుతుంది. రెండో దీపం నీడ కోసమే రాలేదు, కాలం కోసం కూడా వచ్చింది.

అది వచ్చి నిలబడిన చోటు ముఖానికి రెండో పక్కన, మొదటి దానికి సమాన దూరంలో. ఈ నిర్ణయం ఫోటోగ్రాఫరు చేతకానితనమని నగరపు కళాఛాయాగ్రాహకులు తేలిగ్గా తీసిపారేశారు. ఆ తీర్పు సరైనది కాదు. పెళ్ళి సంబంధం కోసం పంపే అమ్మాయి ఫోటోలో చెంప మీద నీడ ఉంటే, చూసేవారు దాన్ని నీడగా కాక చామనఛాయగానో మచ్చగానో చదివేవారు. ఒకవేళ నీడేనని తెలిసినా, ఆ పక్కన ఏదో దాస్తున్నారన్న అనుమానం పుట్టేది. చర్మపు రంగును కట్నంతో తూచే సమాజంలో 3:1 నిష్పత్తి ఖరీదైన కళాఖండమే గాని పనికొచ్చే వస్తువు కాదు. 1:1 నిష్పత్తిలో ముఖం రెండు పక్కలా ఒకేలా వెలిగి, బల్బు వెలుగులో ఎరుపు పాళ్ళు ఎక్కువ కావడం, ఫిల్ము అప్పటికి పాంక్రోమాటిక్‌గా మారడం తోడై, చర్మం కంటికి కనిపించే దానికన్నా ఒక మెట్టు తెల్లగానే వచ్చేది. పాత ప్లేట్లు నల్లగా చూపించిన ముఖాన్ని కొత్త సాంకేతికత అవతలి కొసకు నెట్టింది, దానికి మాత్రం ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

ఈ అమరికకు రెండు లోపాలున్నాయి, పాత ఫోటోను చదివే చరిత్రకారుడికి అవే ఆధారాలు. సమానమైన రెండు దీపాలు ముక్కుకు రెండు నీడలు వేస్తాయి, అవి ముక్కు కింద పెదవి మీద రెక్కల్లా విడిపోతాయి. అలాగే ప్రతి కంటిపాపలోనూ రెండేసి తెల్ల చుక్కలు పడతాయి. పేరు, తేదీ, ముద్ర ఏమీ లేని కుటుంబ ఫోటోలో కళ్ళను భూతద్దంతో చూస్తే, ఒక పెద్ద నలుచదరపు మెరుపు ఉంటే అది కిటికీ లేదా ఆకాశపు వెలుగని, రెండు గుండ్రని చుక్కలుంటే బల్బుల స్టూడియో అని, గొడుగు చువ్వల నీడతో కూడిన మెరుపు ఉంటే ఫ్లాష్ కాలమని దాదాపు నమ్మకంగా చెప్పవచ్చు. అయితే టచింగ్, అంటే నెగెటివ్‌ను చేత్తో దిద్దే పని, చేసేవారి చేయి ఈ సాక్ష్యాన్ని కొంత చెరిపింది. నెగెటివ్ మీద సన్నగా చెక్కిన పెన్సిలుతో గీతలు వేస్తే ఆ చోటు అచ్చులో తెల్లబడుతుంది, కాబట్టి ముడతలూ కళ్ళ కింది నలుపూ పెన్సిలుతో పోయేవి. బ్లేడు మొనతో నెగెటివ్‌ను తేలికగా గీకితే ఆ చోటు అచ్చులో నల్లబడుతుంది; కంటిలోని అదనపు చుక్కను తీసేసే దారి అదే. నేర్పున్నవారు చుక్కను మాయం చేసేవారు, లేనివారు పాపనే పాడుచేసేవారు.

ముడిసరుకు కొరత కూడా ఈ కాలపు స్టూడియోను మలిచింది. దిగుమతి ఆంక్షల మధ్య ఫిల్ము, బ్రోమైడ్ కాగితం అపురూపమైనప్పుడు, 1960లో స్థాపితమై 1967లో ఊటీలో ఉత్పత్తి మొదలుపెట్టిన ప్రభుత్వరంగ సంస్థ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి 'ఇందు' సరుకు దేశమంతటా చిన్న స్టూడియోలకు ఆధారమైంది. ఫిల్ము వృథా కాకూడదనుకునే చోట ప్రయోగాలకు వీలుండదు. ఒకసారి కుదిరిన దీపాల అమరికను ఏళ్ళ తరబడి కదపకుండా ఉంచడమే క్షేమం. చిన్న ఊరి ఫోటోలన్నీ ఒకేలా ఉండడానికి ఊహాశక్తి లేకపోవడం కన్నా ఈ పొదుపే పెద్ద కారణం.

మూడో దీపం సినిమా నుంచి దిగింది. 1930ల హాలీవుడ్‌లో జార్జ్ హరెల్ వంటి స్టిల్ ఫోటోగ్రాఫర్లు తలపైకి వంగిన పొడవాటి కర్ర చివర దీపం వేలాడదీసి, తారల జుట్టుకు వెలుగు కిరీటం పెట్టారు. మద్రాసులో తెలుగు చిత్రాలకు ఆ విద్యను తనదైన మృదుత్వంతో అన్వయించినవాడు మార్కస్ బార్ట్‌లీ. విజయా వారి 'పాతాళభైరవి' (1951), 'మిస్సమ్మ' (1955), 'మాయాబజార్' (1957), 'గుండమ్మ కథ' (1962) చిత్రాలకు ఛాయాగ్రహణం చేసిన ఆయన ముఖాన్ని మెత్తని ప్రధాన వెలుగులో ఉంచి, జుట్టు, ఆభరణాల అంచులను వెనుక దీపంతో మెరిపించాడు. ఆ చిత్రాల స్టిల్స్ పాటల పుస్తకాల అట్టల మీద, కాలెండర్ల మీద, సినిమా పత్రికల్లో ఊరూరా చేరిన తరువాత, ఫోటో దిగడానికి వచ్చిన యువకుడు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, తారలాగే జుట్టు మెరవాలని అడగసాగాడు. స్టూడియోవారు తెర వెనుక ఎత్తున ఒక చిన్న బల్బును బిగించి ఆ కోరిక తీర్చారు. మెయిన్, ఫిల్ దీపాల మధ్య తేడా అప్పటికీ రాలేదు. ముందు రెండు సమాన దీపాలు అలాగే ఉండి, వాటికి వెనుక మూడోది చేరింది. నీడ లేని ముఖం చుట్టూ వెలుగు అంచు అనే ఈ కలయిక హాలీవుడ్‌దీ కాదు, పాఠ్యగ్రంథాలదీ కాదు. 1960, 70 దశకాల తెలుగు ఊరి ఫోటోకు అది సొంత ముద్ర.

ఇంతలో ప్రభుత్వం నీడ లేని ముఖానికి అతి పెద్ద గిరాకీదారు అయింది. పరీక్ష దరఖాస్తు, ఉద్యోగపు దరఖాస్తు, బ్యాంకు ఖాతా, రైతు ఫోటో అతికించిన పట్టాదారు పాసుపుస్తకం ఒకదాని వెనుక ఒకటి పాస్‌పోర్టు సైజు ఫోటోను అడిగాయి. టి.ఎన్. శేషన్ ఎన్నికల ప్రధాన కమిషనరుగా ఉండగా 1993లో ఓటరు గుర్తింపు కార్డులు మొదలయ్యాయి. 2001లో రిజిస్ట్రేషన్ చట్టానికి చేసిన సవరణ స్థిరాస్తి బదిలీ పత్రాలకు అమ్మేవారి, కొనేవారి ఫోటోలను, వేలిముద్రలను తప్పనిసరి చేసింది. గుర్తింపు ఫోటోకు అంతర్జాతీయంగా ఆమోదించిన ప్రమాణాలు ముఖం మీదా, వెనుక తెర మీదా నీడ ఉండకూడదంటాయి. పెళ్ళి సంబంధాల బజారు ముందే నేర్పిన 1:1 అమరిక ఆ నియమానికి అతికినట్టు సరిపోయింది. కచేరీ చుట్టూ ఉన్న స్టూడియోలకు మళ్ళీ కొత్తగా నేర్చుకోవలసిందేమీ లేకపోయింది.

బల్బులను గది నుంచి గెంటింది రంగుల ఫిల్ము. 1980లలో ప్రింట్లు తీసే కలర్ ల్యాబులు పట్టణాల్లో వెలిసి, మామూలు దుకాణాల్లో దొరికే ఫిల్ము ఎక్కువగా పగటి వెలుగుకు సరిపోయే రకం కావడంతో, తీగ బల్బు కింద తీసిన ముఖం నారింజ రంగులో వచ్చేది. వోల్టేజి తగ్గితే ఆ రంగు ఇంకా ముదిరేది. నలుపు తెలుపుల్లో వెలుగు తగ్గుదలగా మాత్రమే కనిపించిన లోపం రంగుల్లో మనిషినే కామెర్ల రోగిగా చూపించింది. రంగు మారకుండా పగటి వెలుగును పోలిన మెరుపునిచ్చే ఎలక్ట్రానిక్ ఫ్లాష్ తప్పనిసరైంది. 1930లలో అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ ప్రయోగాలతో రూపుదిద్దుకున్న ఈ దీపం, కెపాసిటర్‌లో నిల్వ చేసిన విద్యుత్తును వాయువు నింపిన గాజుగొట్టంలో సెకనులో వెయ్యో వంతు కాలానికి అటూ ఇటూగా వదులుతుంది. వోల్టేజి తక్కువైతే అది నిండడానికి ఆలస్యమవుతుందే తప్ప వెలుగు రంగు చెడదు. ముందుండే ఫ్లాష్ మెరవగానే ఆ మెరుపును పసిగట్టి రెండో ఫ్లాష్‌ను అదే క్షణాన పేల్చే చిన్న పరికరాన్ని స్లేవ్ అంటారు, తీగలు లేకుండా ఎన్ని దీపాలైనా కలపడం దానివల్ల వీలైంది. ఫ్లాష్‌ను వెనక్కి తిప్పి తెల్ల గొడుగులోకి కొడితే వెలుగు పుట్టే చోటు పెద్దదై నీడ అంచులు మెత్తబడతాయి. తెలుగు స్టూడియోల్లో రెండు గొడుగుల జోడీ ఒక తరానికి పైగా చెక్కుచెదరలేదు. పెళ్ళి వీడియోలతో వచ్చిన సన్‌గన్ అనే హాలోజెన్ దీపం ఒంటరిగా, కళ్ళు చికిలించేలా వెలిగి, దీపాల కళను కొన్నాళ్ళు వెనక్కి నడిపించింది.

డిజిటల్ కెమెరాతో ఫలితం వెంటనే తెరమీద కనిపించడం మొదలయ్యాక, ఫిల్ము వృథా అన్న భయం తొలగి, మెయిన్ దీపాన్ని ఫిల్ నుంచి వేరు చేసే ప్రయోగాలు చిన్న ఊళ్ళలోనూ సాగాయి. ఆధార్ నమోదుకు, మీసేవ కేంద్రాలకు, రిజిస్ట్రారు ఆఫీసుకు వెబ్‌క్యామ్‌లు రావడంతో ట్యూబులైటు కింద అక్కడే ఫోటో తీసే పద్ధతి వచ్చి, గుర్తింపు ఫోటో వ్యాపారం చాలా వరకు స్టూడియో చేజారింది. మిగిలిన గిరాకీ పెళ్ళిళ్ళది, పెళ్ళికి ముందు అరకు లోయలోనో భీమిలి తీరంలోనో తీయించుకునే జంట ఫోటోలది. అక్కడ సూర్యుడు వెనుక దీపంగా, బ్యాటరీతో వెలిగి వెలుగును మెత్తబరిచే సాఫ్ట్‌బాక్సు మెయిన్‌గా నిలుస్తాయి, రెండో పక్కన సగం ముఖం నీడలో ఉంటుంది. ఆ నీడను ఉంచమనే ఇప్పటి జంటలు అడుగుతున్నారు, దానికి పాస్‌పోర్టు ఫోటో కన్నా ఎన్నో రెట్లు చెల్లిస్తున్నారు.